గింజ తీసుకుపోయిన కంపెనీపై దావా వేసే హక్కు పండించిన రైతుకే ఉండాలి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి, న్యాయ శాఖ మంత్రి గారికి, రాష్ట్ర రైతు కమిషన్ అధ్యక్షుల వారికి,

జోగులాంబ గద్వాల జిల్లా విత్తన పత్తి రైతులు సమర్పించుకునే వినతిపత్రం.

విషయం: ఆర్గనైజర్ల ద్వారా విత్తనం పండించే రైతుకు, ఆ విత్తనం తీసుకునే కంపెనీపై సివిల్ కోర్టులోనూ వినియోగదారుల కమిషన్‌లోనూ నేరుగా దావా వేసే హక్కు కల్పించవలసిందిగా కోరుట.

అయ్యా,

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, గట్టు, మల్దకల్, ధరూరు, కేటీ దొడ్డి, అయిజ, గద్వాల మండలాల్లో విత్తన పత్తి వేసుకుని బతికే రైతులం మేం. ఈ కాగితంలో మేం నష్టపరిహారం అడగడం లేదు. గిట్టుబాటు ధర సంగతి కూడా ఇక్కడ ఎత్తడం లేదు, అది వేరే అర్జీ. మేం అడిగేది ఒక్కటే. మా చేలో పండిన గింజను తీసుకుపోయిన కంపెనీ డబ్బు ఎగ్గొట్టినా, తను ఇచ్చిన మూల విత్తనమే చెడ్డదై మా పంట పోయినా, ఆ కంపెనీ మీద మా పేరుతో మేమే కోర్టుకు వెళ్లగలగాలి. ఇప్పుడు వెళ్లలేకపోతున్నాం. న్యాయం మా వైపు లేక కాదు, కంపెనీకీ మాకూ మధ్య ఒప్పందమే లేదన్న ఒక్క మాటకు గడప దగ్గరే ఆగిపోతున్నాం.

మా పని ఎలా నడుస్తుందో హైదరాబాదులో ఫైళ్లు చూసే అధికారులందరికీ తెలిసి ఉండకపోవచ్చు. విత్తన పత్తిలో ఆడ మొక్కల సాళ్లు వేరు, మగ మొక్కలు వేరు. సాయంత్రం ఆడ మొగ్గలను ఒక్కొక్కటిగా విప్పి అందులోని పుప్పొడి తిత్తులు గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి గిల్లిన మొగ్గకు రుద్దాలి. క్రాసింగ్ అనేది ఈ పనినే. పూత ఉన్నన్నాళ్లు ఒక్క పూట ఆగినా ఆ రోజు మొగ్గలు పోయినట్టే. అందుకే మామూలు పత్తి కంటే కూలీల ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఖర్చుకు డబ్బు ఆర్గనైజరు, అంటే కంపెనీకీ మాకూ మధ్య ఉండి సాగు చేయించే మనిషి, ఇస్తాడు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున. ప్రోనోటు రాయించుకుంటాడు. కొన్నిచోట్ల అంకె వేయని ప్రోనోటు మీద సంతకం, దాంతోపాటు ఖాళీ చెక్కు.

ఆడ, మగ విత్తనాలు కంపెనీవి. ఎప్పుడు నాటాలో, ఎంత ఎడం పెట్టాలో, మగ మొక్కలు ఎప్పుడు కొట్టేయాలో కంపెనీ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి చెప్పిపోతాడు. బెరుకు మొక్క, అంటే వేరే రకం మొక్క, కనబడితే పీకించేదాకా గట్టు దిగడు. పంట చేతికొచ్చాక జిన్నింగులో దూది వేరు చేసి గింజను కంపెనీకి చేరుస్తారు. అక్కడ జీవోటీ పరీక్ష, అంటే ఆ గింజను మళ్లీ నాటి పెంచి కల్తీ ఎంతుందో చూడటం. పాసైతే డబ్బు, ఫెయిలైతే లేదు. ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. తేలిన ఫలితం కూడా కాగితంగా మా చేతికి రాదు, ఆర్గనైజరు నోటిమాటగా వస్తుంది. ఫెయిలైన గింజ ఏమైందో అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు.

మొగ్గ గిల్లిన దగ్గర్నుంచి గింజ తూకం దాకా జరిగిన ఇంత పనిలో కంపెనీ పేరు, రైతు పేరు కలిసి ఉన్న కాగితం ఒక్కటి కూడా పుట్టదు. కంపెనీ రాసుకునేది ఆర్గనైజరుతో. ఆ ఒప్పందంలో ఏముందో మేం చూడలేదు, చూపమంటే చూపరు. ఆర్గనైజరు కింద సబ్ ఆర్గనైజరు ఉన్న ఊళ్లలో మాకు తెలిసింది అతని చేతిలోని లెక్కల పుస్తకం ఒక్కటే.

వకీలు దగ్గరికి వెళితే ఆయన అడిగే మొదటి ప్రశ్న కంపెనీతో మీ ఒప్పందం ఏదని. ఆయన తప్పు లేదు. ఒప్పందంలో పక్షంగా ఉన్నవాడే ఆ ఒప్పందం మీద దావా వేయాలన్నది ఇంగ్లండు కోర్టుల నుంచి మనకు వచ్చిన సూత్రం. 1861లో అక్కడ ఒక కేసు నడిచింది. ఇద్దరు వియ్యంకులు పెళ్లికొడుక్కి డబ్బు ఇస్తామని తమలో తాము రాసుకున్నారు. పెళ్లికూతురి తండ్రి ఇవ్వకుండానే పోయాడు. పెళ్లికొడుకు దావా వేస్తే, రాసుకున్న ఇద్దరిలో నువ్వు లేవు కాబట్టి నీకు హక్కు లేదన్నారు. మన సుప్రీంకోర్టు కూడా 1969లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావన్‌కోర్ కేసులో, కొన్ని మినహాయింపులు తప్ప, ఒప్పందంలో లేనివాడు దాన్ని అమలు చేయమని అడగలేడనే చెప్పింది.

కానీ మన దేశంలో ఈ తలుపు పూర్తిగా మూసి లేదు. మద్రాసు హైకోర్టు 1882లోనే ఒక కుటుంబం కేసులో, మాటకు బదులుగా ఇచ్చిన ప్రతిఫలం దావా వేసినవాడి చేతి నుంచే రానక్కర్లేదని తేల్చింది. 1872 కాంట్రాక్టు చట్టం రెండో సెక్షను మాట కూడా అదే. 1910లో ప్రివీ కౌన్సిల్ ఇంకో అడుగు వేసింది. ఉత్తర భారతంలో ఇద్దరు తండ్రులు పిల్లల పెళ్లి ఒప్పందం రాసుకున్నారు. కోడలికి తాంబూలపు ఖర్చుల కింద నెలకు 500 రూపాయలు ఇస్తానని మామ అందులో ఒప్పుకున్నాడు. ఆ కాగితం మీద కోడలి సంతకం లేదు. అయినా ఆమె మామ మీద దావా వేసి గెలిచింది. ఇంగ్లండు పెళ్లికొడుక్కి దొరకని హక్కు మన దేశపు కోడలికి దొరికింది. ఎవరి మేలు కోసం రాశారో వారు అడగవచ్చన్న ఈ న్యాయం పెళ్లిళ్లకు, కుటుంబ పంపకాలకు, ట్రస్టులకు వర్తిస్తోంది. ఎండలో నిలబడి మొగ్గలు గిల్లే రైతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వర్తించడం లేదు.

1958లో లా కమిషన్ తన 13వ నివేదికలో, ఒప్పందం మూడో మనిషి మేలు కోసం స్పష్టంగా రాసినదైతే అతనికి దావా హక్కు ఇస్తూ కాంట్రాక్టు చట్టంలో కొత్త సెక్షను చేర్చాలని సిఫారసు చేసింది. పక్షంగా ఉన్నవాడికే దావా హక్కన్న సూత్రానికి పుట్టిల్లయిన ఇంగ్లండే 1999లో చట్టం చేసి మూడో పక్షానికి హక్కు ఇచ్చుకుంది. మన సెక్షను మాత్రం నివేదికలోనే ఉండిపోయింది.

ఇక ఈ అర్జీలో అసలు మాట. దావా హక్కు లేకపోవడం అందరికీ ఒకేలా లేదు. ఆర్గనైజరుకు మా మీద దావా వేయడానికి ప్రోనోటు ఉంది. ప్రోనోటు దావాలు త్వరగా తేల్చడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 37వ ఆర్డరు ఉంది. చెక్కు ఉంటే క్రిమినల్ కేసు కూడా ఉంది. అతనికి అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. మాకు రావలసిన గింజ డబ్బు కంపెనీ దగ్గర ఉంది. ఆ డబ్బు రాకపోవడం వల్లే అప్పు తీరలేదని మేం కోర్టులో చెప్పుకుంటే, అదే కోడ్ 8వ ఆర్డరు కింద బాకీకి బాకీ చెల్లు వేయాలంటే రెండు బాకీలూ అవే పక్షాల మధ్య ఉండాలంటారు. అప్పు ఆర్గనైజరుకు, గింజ డబ్బు కంపెనీ నుంచి. కాబట్టి చెల్లు కుదరదు. మా మీద డిక్రీ వస్తుంది. మాకు రావలసినది ఏ కోర్టులోనూ లెక్కలోకి రాదు. ఒకే పంట, ఒకే సీజను, ఒకే లెక్కల పుస్తకం. అప్పు ఇచ్చేటప్పుడు, విత్తనం పంచేటప్పుడు, గింజ తూచేటప్పుడు కంపెనీ మనిషిగా నిలబడిన ఆర్గనైజరు, డబ్బు అడిగేసరికి కంపెనీకి ఏ సంబంధమూ లేని వ్యాపారిగా మారిపోతాడు.

ఆర్గనైజర్లందరూ దుర్మార్గులని మేం అనడం లేదు. కంపెనీ డబ్బు ఆపేస్తే మధ్యలో నలిగేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆర్గనైజరు మా ఊరివాడే, మా పక్క పొలంవాడే. అతన్ని ముందు పెట్టుకుని వెనక ఉండటం కంపెనీకి సౌకర్యం. మా పోరు ఆ ఏర్పాటు మీద.

ఈ విషయంలో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకటి మా చేతిలో బలంగా ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. ఆ రైతుల్లో విత్తనం కొనుక్కున్నవాళ్లే కాక సంస్థ కోసం విత్తనం పండించినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వ్యాపారం కోసం కొన్నవాళ్లని, వినియోగదారులు కారని సంస్థ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. మూల విత్తనం ఇచ్చింది సంస్థ, సాగు నడిచింది సంస్థ నిపుణుడి కనుసన్నల్లో, పంటంతా కొనుక్కునేదీ సంస్థే, బయట అమ్ముకునే స్వేచ్ఛ రైతుకు ఉందని సంస్థ చూపలేకపోయింది, అందువల్ల వాళ్లు వినియోగదారులేనని తేల్చింది. రైతు తెచ్చిన విత్తనమంతా నేలలో వేస్తాడు కాబట్టి పరీక్షకు నమూనా దాచలేదని అతన్ని తప్పుపట్టడం కుదరదని కూడా చెప్పింది. మా పరిస్థితిలో ఇవన్నీ అక్షరాలా ఉన్నాయి. లేనిదల్లా ఆ రైతులకు సంస్థతో ఉన్న నేరు ఒప్పందం. అంటే ఆ తీర్పు మాకు అందకుండా పోవడానికి కంపెనీ చేయవలసిన పని మధ్యలో ఒక మనిషిని నిలబెట్టడమే.

కాబట్టి మా మొదటి డిమాండు ఇది, మిగతావన్నీ దీనికి తోకలే. కంపెనీ మూల విత్తనం ఏ రైతు చేలో పడిందో, ఆ రైతుకూ కంపెనీకీ మధ్య నేరు ఒప్పందం ఉన్నట్టే భావించాలని రాష్ట్రం చట్టం చేయాలి. ఆర్గనైజరు, సబ్ ఆర్గనైజరు కంపెనీ ఏజెంట్లని, వాళ్లు తమలో తాము వేరే విధంగా రాసుకున్నా ఆ రాత రైతు మీద చెల్లదని అందులో స్పష్టంగా ఉండాలి. ఇది గాలిలోంచి పుట్టించే హక్కు కాదు. ఏజెంటు చేసిన ఒప్పందం యజమానిని కట్టేస్తుందని కాంట్రాక్టు చట్టం 226వ సెక్షను ఇప్పటికే చెబుతోంది. ఏజెంటు సొంతంగా బాధ్యుడైన సందర్భంలో అతన్ని గానీ, యజమానిని గానీ, ఇద్దరినీ గానీ పట్టుకోవచ్చని 233వ సెక్షను చెబుతోంది. ఉచితంగా చేయని పనితో ఒకడు లాభం పొందితే, ఒప్పందం లేకపోయినా ప్రతిఫలం చెల్లించాలని 70వ సెక్షను చెబుతోంది. చట్టంలో సరుకు ఉంది. కానీ ఆర్గనైజరు ఏజెంటేనని ప్రతి రైతూ ప్రతి కేసులో మొదటి నుంచి రుజువు చేసుకోవలసి రావడమే మా గోస. ఆ రుజువు భారాన్ని తిప్పండి. ఏజెంటు కాదని కంపెనీయే నిరూపించుకోవాలి.

రాష్ట్రానికి ఈ అధికారం ఉందా అని న్యాయ శాఖ అడుగుతుందని మాకు తెలుసు. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోది. ఒప్పందాలు, సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోవి. కేంద్ర చట్టంతో పేచీ వస్తుందనుకుంటే రాజ్యాంగం 254వ అధికరణం రెండో క్లాజు కింద రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. తమిళనాడు 2019లో కాంట్రాక్టు సాగు మీద సొంత చట్టం తెచ్చుకుంది.

చట్టం వచ్చేలోగా కూడా చేయదగిన పని ఉంది. విత్తనం నాటకముందే కంపెనీ, ఆర్గనైజరు, రైతు ముగ్గురి సంతకాలతో తెలుగులో ఒప్పందం రాయించాలి. ఒక ప్రతి రైతుకు, ఒకటి మండల వ్యవసాయ అధికారి కార్యాలయానికి. ధర, తూకం, డబ్బు ఇచ్చే గడువు, గడువు దాటితే వడ్డీ, పరీక్షలో ఫెయిలైతే ఏం చేయాలన్నది అందులో ఉండాలి. మా అప్పుకు రెండు రూపాయల వడ్డీ అయినప్పుడు, మా డబ్బు ఆలస్యమైతే కంపెనీ ఇచ్చేదీ అంతే ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాం. 1966 విత్తన చట్టం చూసేదంతా అమ్మే విత్తనం నాణ్యతను. ధ్రువీకరణ విత్తనమైతే పండించిన రైతు పేరు సర్టిఫికేషన్ సంస్థ దగ్గరైనా నమోదవుతుంది. ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లలో ఎక్కువ భాగం కంపెనీ సొంత లేబుల్ మీద అమ్ముడవుతాయి కాబట్టి మా పేర్లు ప్రభుత్వం దగ్గర ఎక్కడా ఉండవు. కొనే రైతు ప్యాకెట్‌కు ఎంత పెట్టాలో కేంద్రం ఏటా నిర్ణయిస్తుంది, 2025లో బీజీ 2 పత్తి విత్తన ప్యాకెట్ 901 రూపాయలు. ఆ ప్యాకెట్ నింపిన రైతుకు ఎంత ముట్టిందో చెప్పే రిజిస్టరు లేదు.

జీవోటీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దావా హక్కు ఇచ్చినా రుజువు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. పరీక్ష చేసేది కంపెనీ, ఫలితం రాసేది కంపెనీ, ఆ ఫలితంతో డబ్బు ఎగ్గొట్టేదీ కంపెనీ. గింజ అప్పగించే రోజునే నమూనా మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి కంపెనీకి, ఒకటి రైతుకు, ఒకటి వ్యవసాయ శాఖకు. కంపెనీ ఫెయిలంటే రైతు కోరిక మీద శాఖ దగ్గరి నమూనాను ప్రభుత్వ పరీక్షకు పంపాలి, ఆ ఫలితమే చివరి మాట కావాలి. కల్తీ మా క్రాసింగ్ పనిలో వచ్చిందా, కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనంలోనే ఉందా అన్నది కూడా ఆ పరీక్షలో తేల్చాలి. ఇప్పుడు ఏ తేడా వచ్చినా నేరం రైతుదే. ఫెయిలైన గింజను రైతు ముందే నాశనం చేయాలి, లేదా తిరిగి ఇవ్వాలి. ఫలితానికి గడువు కూడా పెట్టాలి. ఎందుకంటే, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లే కాలపరిమితి. రేపు మాపంటూ తిప్పితే ఆ కాలం మా చేతుల్లోంచే జారిపోతుంది.

ప్రోనోటు సంగతి. విత్తన సాగు కోసం ఇచ్చిన అప్పు మీద దావా వేస్తే, ఆ సీజను గింజ లెక్క తేలేదాకా కోర్టు డిక్రీ ఇవ్వకూడదు. కంపెనీని కూడా అదే దావాలో పక్షంగా చేర్చి, రెండు లెక్కలూ కలిపి చెల్లు వేయాలి. అంకె వేయని ప్రోనోటు, ఖాళీ చెక్కు తీసుకోవడాన్ని నేరం చేయాలి.

రైతు ఎవరన్న దగ్గర కూడా పేచీ రాకుండా చూడండి. మాలో చాలామంది కౌలుదార్లు. పట్టా పాసుబుక్కు ఒకరి పేరిట, చేను ఇంకొకరి చేతిలో. ఒప్పందంలో పట్టాదారు పేరే రాస్తే రేపు దావా వేసే హక్కు సాగు చేయని భూస్వామికి పోతుంది. సాగు చేసినవాడి పేరు రాయాలి, అందుకు భూమి యజమాని సంతకం అడగకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల చట్టం ఆ సంతకం దగ్గరే కౌలుదార్లను ఆపిందన్నది అందరికీ తెలిసిందే. క్రాసింగ్ చేలో ఎక్కువగా వంగేది ఆడవాళ్ల నడుములే కాబట్టి భార్య పేరు కూడా ఒప్పందంలో ఉండాలి. భర్త పోయిన ఇంట్లో వారసత్వ సర్టిఫికేటు తెచ్చేదాకా దావా ఆగకూడదు.

ఒక్కొక్క రైతుకు రావలసింది వకీలు ఫీజుకు సరిపోని సందర్భాలు ఉన్నాయి. ఒకే ప్రయోజనం ఉన్నవాళ్లంతా కలిసి వేసే దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 1వ ఆర్డరు 8వ రూలు వీలిస్తుంది. 2019 వినియోగదారుల చట్టం 35వ సెక్షను కింద రైతులు కలిసి వేయవచ్చు, గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘం వేయవచ్చు, రాష్ట్ర ప్రభుత్వమే వేయవచ్చు. ఆ చివరి అధికారాన్ని వాడమని అడుగుతున్నాం. ఒక్కసారి ప్రభుత్వం ఫిర్యాదుదారుగా నిలబడితే కంపెనీల నడక మారుతుంది. ఎస్సీ, ఎస్టీ రైతులకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. గద్వాలలో న్యాయ సేవాధికార సంస్థ విత్తన కేసులకు ప్రత్యేకంగా వకీళ్ల జాబితా పెట్టాలి. వివాదాలన్నీ హైదరాబాదు కోర్టుల్లోనే అన్న షరతు ఏ ఒప్పందంలో ఉన్నా చెల్లకూడదు.

మరొక్క హెచ్చరిక. రైతును కాపాడే పేరుతో కోర్టు తలుపు మూసే చట్టం మాకు వద్దు. 2020లో కేంద్రం తెచ్చిన ధర హామీ ఒప్పందాల చట్టం రాతపూర్వక ఒప్పందం గురించి మంచి మాటలే చెప్పింది. కానీ 19వ సెక్షనుతో సివిల్ కోర్టులకు అధికారం లేకుండా చేసి, తగాదాలను రెవెన్యూ డివిజను అధికారి బల్ల మీద పెట్టింది. అది 2021లో రద్దయింది. రాజీ కోసం కలెక్టరు గారు కూర్చోబెడితే మేం వస్తాం, రాజీ కుదరకపోతే కోర్టుకు వెళ్లే దారి ఉండాలి.

2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల మొక్కజొన్న విత్తన రైతులకు ప్రభుత్వం కల్పించుకుని పరిహారం ఇప్పించింది. అందుకు ఆ రైతులతోపాటు మేమూ సంతోషించాం. కానీ అది రోడ్డెక్కితే, పేపర్లో పడితే, అధికారులు కదిలితే వచ్చిన డబ్బు. ప్రతి ఊరికీ ప్రతి సీజనుకూ మంత్రి గారు రాలేరు. మంత్రి గారి దయ కోసం ఎదురుచూడకుండా, కోర్టు ఫీజు కట్టి మా పేరు వాదిగా రాసుకునే వీలు కావాలి.

వచ్చే వానాకాలం మూల విత్తనం ఊళ్లలోకి దిగకముందే ముగ్గురి సంతకాల ఒప్పందం మీద ఉత్తర్వు ఇవ్వాలని, చట్టం ముసాయిదా తయారీకి వ్యవసాయ, న్యాయ శాఖల అధికారులతో పాటు విత్తన రైతులు, కౌలుదార్లు, మహిళా రైతులు ఉన్న కమిటీ వేయాలని కోరుతున్నాం. ముసాయిదాను గద్వాలలో తెలుగులో చదివి వినిపించి మా అభిప్రాయం తీసుకోవాలి. ఈ వినతిపత్రం మీద తీసుకున్న చర్యను జిల్లా కలెక్టరు గారి ద్వారా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు
తమ విధేయులు,
జోగులాంబ గద్వాల జిల్లా విత్తన పత్తి రైతులు, కౌలు రైతులు, మహిళా రైతులు

ప్రతులు: జిల్లా కలెక్టరు గారికి, జిల్లా వ్యవసాయ అధికారి గారికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి